గండికోట దారిలో హోంస్టే: జపాన్ ఆతిథ్యం నుంచి ఏది తీసుకోవాలి, ఏది వదిలేయాలి

జమ్మలమడుగు దగ్గరి పల్లెలో ఉన్న మీ పాత మిద్దె ఇంట్లో మూడు గదులను గండికోట చూడవచ్చే వారికి హోంస్టేగా ఇవ్వాలనుకుంటున్నామని రాశారు. జపాన్ పద్ధతిలో నడిపితే పేరు వస్తుందని ఎవరో చెప్పగా నేల పరుపులకు, సిల్కు అంగీలకు, గాలిగంటలకు ధరలు కనుక్కున్నామని, ఆ ఖర్చు పెట్టవచ్చా అని అడిగారు. వంట, గదుల పని మీరూ మీ అత్తమ్మా చూసుకుంటారని, మీ ఆయన సేద్యంలో ఉంటారని కూడా చెప్పారు. మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఈ చివరి మాటే. దాని గురించి కాస్త ఆగి రాస్తాను.

నేను జపాన్‌లో కొన్నేళ్ళు ఉద్యోగం చేశాను. అక్కడి పల్లెల్లో చిన్న చిన్న బస ఇళ్ళలో ఉన్నాను. తిరిగి వచ్చాక కడప, అనంతపురం జిల్లాల్లో ఇళ్ళను అతిథులకు తెరిచిన కొన్ని కుటుంబాలకు తోడ్పడుతున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఆ సామానేదీ కొనవద్దు. బెంగుళూరు నుంచి రాత్రంతా కారు నడుపుకుంటూ వచ్చే మనిషి జమ్మలమడుగులో జపాన్‌ను చూడాలని రాడు. 2013లో ఒలింపిక్ క్రీడలను టోక్యోకు ఇవ్వమని కోరుతూ క్రిస్టెల్ తకిగావా చేసిన ప్రసంగంతో ఒమోతెనాషి (జపాన్ తరహా ఆతిథ్యం) అనే మాట లోకమంతటికీ తెలిసింది. అప్పటి నుంచి వంగి నమస్కరించడం, అంగీలు, చెక్క గిన్నెలు ఆ మాటకు ప్రకటన బొమ్మలయ్యాయి. వాటి వెనక ఉన్న అసలు పని మాత్రం అంత అందంగా కనబడదు. అతిథికి ఏం కావలసి వస్తుందో ముందే ఊహించి, అతను రాకముందే ఆ పనంతా ముగించి, వచ్చిన తర్వాత అతనికి అడ్డు రాకుండా పక్కకు తప్పుకోవడమే ఆ పని. ఇందులో మొదటి సగం రాయలసీమ ఇళ్ళకు కొంతవరకు అలవాటే. రెండో సగం మనకు దాదాపు చేతకాదు, ఎందుకంటే మన దగ్గర మర్యాద అంటే బలవంతం చేయడం.

జపాన్ ఆతిథ్యం అనగానే అందరూ ర్యోకాన్‌లనే తలుచుకుంటారు. యమనాషి ప్రాంతంలో 705లో మొదలైందని చెప్పే కేయుంకాన్ లాంటి వేడినీటి బుగ్గల సత్రాలు అవి. అతిథి భోజనం చేస్తుండగా గదిలో పరుపు పరిచి వెళ్ళే పనివారు, అన్నింటినీ కనిపెట్టి చూసుకునే ఒకామి అనే యజమానురాలు అక్కడ ఉంటారు. ఆ స్థాయి మీకు అవసరం లేదు, మీ వల్ల కాదు కూడా. మీరు చూడవలసింది మిన్‌షుకులను. రైతులు, చేపలు పట్టేవారు తమ ఇంట్లోనే రెండు మూడు గదులు ఇచ్చి, తాము తినే తిండినే ఇంకాస్త శ్రద్ధగా వండి పెట్టే ఇళ్ళు అవి. చాలా చోట్ల అక్కడ అతిథే తన పరుపు తాను పరుచుకుంటాడు, పొద్దున తానే మడిచి పెడతాడు. దాన్ని ఎవరూ లోటుగా భావించరు. ధర గదికి కాకుండా మనిషికి ఇంత అని ఉంటుంది, అందులో ఒక రాత్రి బస, రాత్రి భోజనం, ఉదయం ఫలహారం కలిసి ఉంటాయి. ఏం వండాలో ఇంటివారే నిర్ణయిస్తారు. ఈ ఏర్పాటును ఉన్నది ఉన్నట్టుగా తీసుకోండి. ఎంతమందికి వండాలో ముందురోజే తెలిస్తే కోడి ఎన్ని కిలోలు, పాలు ఎన్ని లీటర్లు అన్నది తేలిపోతుంది, మిగిలి పారబోసేది ఉండదు, రాత్రి పదింటికి ఎవరో నూడుల్స్ అడిగితే పొయ్యి వెలిగించవలసిన అవస్థ రాదు.

పదహారో శతాబ్దంలో జపాన్ తేనీటి వేడుకకు గురువైన సెన్ నో రిక్యూ చెప్పినవిగా ఏడు సూత్రాలు ప్రచారంలో ఉన్నాయి. వేసవిలో చల్లదనాన్ని, చలికాలంలో వెచ్చదనాన్ని కలిగించు, ఏ పనైనా వేళకంటే ముందే ముగించు, వాన లేకపోయినా వానకు సిద్ధంగా ఉండు అనేవి వాటిలో మూడు. మన ప్రాంతానికి ఈ మూడూ చాలు. ఇవి అమలు కావాలంటే ముందురోజు సాయంత్రం మీరు ఒక ఫోన్ చేయాలి. ఎక్కడి నుంచి వస్తున్నారు, ఏ వేళకు చేరతారు, మాంసాహారులా శాకాహారులా, చిన్నపిల్లలు గానీ మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు గానీ ఉన్నారా, ఇక్కడి నుంచి ఎక్కడికి వెళతారు అని అడగాలి. ఈ ఫోన్ చేయని ఇంట్లో తక్కిన మర్యాదలన్నీ ఊహాగానాలే.

ఆ జవాబులతో ఏం చేయాలో ఒక సందర్భం తీసుకుని చెబుతాను. శుక్రవారం రాత్రి బెంగుళూరులో బయలుదేరిన కుటుంబం శనివారం తెల్లవారుజామున మీ వాకిట్లో దిగుతుంది. అప్పటికి మీ గదులు ఖాళీగా ఉండకపోవచ్చు. జపాన్‌లో సాధారణంగా మధ్యాహ్నం మూడు గంటల తర్వాతే గది ఇస్తారు, మరునాడు పదింటికి ఖాళీ చేయమంటారు. మీరూ ఆ వేళలనే పెట్టుకోండి, ఆ సంగతి ఫోన్‌లోనే చెప్పండి. అయితే గది లేదని వారిని కారులోనే కూర్చోబెట్టవద్దు. రాత్రంతా మేలుకున్న వారికి ఆ వేళ పులిహోర అక్కరలేదు. శుభ్రమైన మరుగుదొడ్డి, ముఖం కడుక్కోవడానికి నీళ్ళు, కాఫీ, పడసాలలో కాసేపు నడుం వాల్చడానికి రెండు చాపలు కావాలి. సూర్యోదయం చూడాలనుకుంటే వారు మీ ఇంట్లో ఆగరు. నేరుగా కోటకు వెళ్ళే వారికి టార్చిలైటు ఇచ్చి, పెన్నా లోయ అంచున చీకట్లో రాళ్ళ మీదికి ఎక్కవద్దని గట్టిగా చెప్పి పంపడమే ఆ పూటకు మీరు చేయగల మేలు. ఎండెక్కాక మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం చూసి తిరిగి వచ్చేసరికి ఫలహారం సిద్ధంగా ఉంటే సరిపోతుంది. బెలూం గుహలు చూసి వచ్చేవారి సంగతి వేరు. లోపలి ఉక్కకు ఒళ్ళంతా చెమటతో తడిసి ఉంటుంది కాబట్టి, వారు అన్నం కంటే ముందు స్నానం అడుగుతారు. అది తెలిసిన ఇల్లు మేడమీది ట్యాంకులో నీరు ఉందో లేదో సాయంత్రం నాలుగింటికే చూసుకుంటుంది. కడప జిల్లాలో మే నెల మధ్యాహ్నం ఆ ట్యాంకు నీరు ఒంటి మీద పోసుకోలేనంత కాగి ఉంటుంది. అందుకే నీడలో రెండు డ్రమ్ములు నింపి ఉంచుకోవడం గదికి ఏసీ పెట్టినంత పని చేస్తుంది.

జపాన్‌లో అతిథి వచ్చే ముందు వాకిట్లో, దారిలో నీళ్ళు చల్లుతారు. దుమ్ము అణుగుతుంది, నేల చల్లబడుతుంది, మీ కోసం ఎదురు చూస్తున్నామని చెప్పకుండానే చెప్పినట్టవుతుంది. మీ అత్తమ్మ రోజూ చల్లే కళ్ళాపి అదే. పొద్దున ఒక్కసారితో ఆపకుండా, అతిథులు దిగే వేళకు అరగంట ముందు ఇంకోసారి నీళ్ళు చల్లమనండి. కాళ్ళకు నీళ్ళివ్వడం మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్న మర్యాద, కాబట్టి గడప పక్కన నీళ్ళ తొట్టి, చెంబు, తుడుచుకోవడానికి మందపాటి గుడ్డ ఉంచండి. జపాన్‌లో తడి తువ్వాలు చుట్టి చేతికి ఇస్తారు, వేసవిలో చల్లనిది, చలికాలంలో వేడిది. మన ఎండకు ఇంతకంటే పనికివచ్చే అలవాటు లేదు. కుండనీటిలో తడిపి గట్టిగా పిండిన చేతిగుడ్డ, దానితోపాటు పలుచటి మజ్జిగ ఇస్తే చాలు.

అన్నీ తెచ్చుకోదగినవి కావు. అక్కడ అతిథి విడిచిన చెప్పులను ఇంటివారు వెళ్ళేటప్పుడు తొడుక్కోవడానికి వీలుగా బయటివైపు తిప్పి పెడతారు. ఇక్కడ మీరు చెప్పులు ముట్టుకుంటే వచ్చినవారు సిగ్గుతో ముడుచుకుపోతారు. పెద్దవారైతే బాధపడతారు కూడా. మన ఊళ్ళలో ఎవరి చెప్పులు ఎవరు ముట్టాలన్న దాని వెనక ఉన్న చరిత్ర మంచిది కాదు, పనికి పెట్టుకున్న మనిషితో ఆ పని అసలే చేయించవద్దు. నీడపడే చోట చెప్పుల గూడు, కూర్చుని విప్పుకోవడానికి అరుగు, ఎండలో కాలకుండా ఉండటానికి పైన ఒక తడిక ఉంటే అదే ప్రయోజనం నెరవేరుతుంది. మరుగుదొడ్డికి వేరే చెప్పులు పెట్టే అక్కడి పద్ధతిని మాత్రం తప్పక తీసుకోండి, స్నానాల గదికీ అలాగే పెట్టండి. నునుపు చేసిన కడప బండ తడిస్తే జారుతుంది, పెద్దవారు పడతారు. ఆ గదిలో బండల గరుకు వైపు పైకి వచ్చేలా పరిపించండి. మీరు డబ్బు ఖర్చు పెట్టాలంటే మొదట పెట్టవలసింది అక్కడే. బోరు నీటి ఉప్పు తెల్లగా పేరుకున్న కొళాయిలు ఎంత కడిగినా మురికిగానే కనబడతాయి కాబట్టి వారానికోసారి నిమ్మచెక్కతో రుద్దడం గది శుభ్రం చేసే పనిలో భాగం కావాలి.

గాలిగంటల గురించి అడిగారు కనుక ఒక మాట. అక్కడ అవి వేసవిలో మాత్రమే కడతారు, చిరుగాలి వచ్చిందని చెవికి తెలియజేయడానికి. ఋతువు మారితే తీసేస్తారు. ఆ ఆలోచన తీసుకోండి, గంటలు వదిలేయండి. వేసవిలో కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి తడుపుతూ, మిద్దె పైకప్పుకు సున్నం కొట్టించి, రాత్రి మిద్దెమీద నులక మంచాలు, దోమతెరలు వేయండి. నవంబరు వచ్చాక ఇవన్నీ తీసి, గదుల్లో మందపాటి దుప్పట్లు, తెల్లవారి వేన్నీళ్ళు ఉండేలా చూడండి. నేల పరుపులు పెట్టాలన్న కోరికను మానుకోండి, మిద్దె ఇంటి నేల మీద తేళ్ళ భయం లేదని మీరు అతిథికి హామీ ఇవ్వలేరు.

ఇక భోజనం దగ్గరికి వద్దాం. మనం నిజంగా మారవలసింది ఇక్కడే. రాగి సంగటి వేడిమీద తినవలసిన పదార్థం, చల్లారితే గట్టిపడుతుంది. అందువల్ల రాత్రి భోజనానికి ఒకే వేళ పెట్టడం మీ సౌకర్యం కోసమే కాక రుచి కోసం కూడా అవసరం. ఎనిమిది గంటలకు అని చెప్పి ఎనిమిదింటికే వడ్డించండి. సంగటి, నాటుకోడి పులుసు, శాకాహారులకు గుత్తి వంకాయో పప్పో, శెనక్కాయల పచ్చడి, చారు, పెరుగు, అంతకు మించి వద్దు. పొద్దున ఒకరోజు కారం దోశ, మరునాడు ఉగ్గాని బజ్జి. పండుగ దగ్గర పడితే ఓళిగలు. పది రకాలు చేసి చూపించాలన్న తాపత్రయం మన ఇళ్ళ బలహీనత, అక్కడి మంచి వంటిళ్ళలో ఆ ఋతువులో ఆ ఊళ్ళో దొరికినదే వండి, కొద్దికొద్దిగా, వేరు వేరు చిన్న గిన్నెల్లో పెడతారు. కారం విషయంలో ఆ చిన్న గిన్నెల పద్ధతి మీకు పనికి వస్తుంది. పులుసు మధ్యస్థంగా వండి, ఎర్రకారాన్నీ, పచ్చడినీ పక్కన గిన్నెల్లో ఇస్తే పిల్లలూ తింటారు, కారం కోరి వచ్చినవారికీ వెలితి ఉండదు. మాంసం వండే పాత్రలు, శాకాహారం వండే పాత్రలు వేరుగా ఉంచండి. అలా ఉంచామని అడగకముందే చెప్పండి, ఎందుకంటే చాలామంది మొగమాటానికి అడగరు, అనుమానంతో సగం తిని లేస్తారు.

వడ్డించిన తర్వాత అక్కడ నిలబడవద్దు. “ఇంకొంచెం, నా మాట విని ఇంకొక్క ముద్ద” అని ఆకులో వేసేయడం చుట్టాల మధ్య ప్రేమే, కానీ డబ్బిచ్చి వచ్చిన కొత్తవారికి అది ఇబ్బంది, పైగా తిండి పారవేత. అన్నీ అందుబాటులో ఉంచి, పిలిస్తే వినబడేంత దూరంలో, కనబడకుండా ఉండండి. అదే విధంగా “మీకు పెండ్లయిందా, జీతమెంత, ఇంకా పిల్లలు లేరా” అనే ప్రశ్నలు మీ అత్తమ్మకు ఆప్యాయతగానే అనిపిస్తాయి. ఇరుగుపొరుగు వారు కొత్తవాళ్ళను చూడటానికి రావడం కూడా మన పల్లెలో సహజమే. వాటిని మెల్లగా ఆపవలసిన బాధ్యత మీదే. అతిథి తానుగా కూర్చుని మాట్లాడాలనుకుంటే అరుగుమీద ఎంతసేపైనా మాట్లాడండి, మొదలుపెట్టే హక్కు మాత్రం అతనికే వదిలేయండి. గదిలోకి వెళ్ళాలంటే బయటి నుంచి గొంతు వినిపించి, జవాబు వచ్చాకే తలుపు తీయండి. పక్క దుప్పట్లు మార్చడం లాంటి పనులు వారు భోజనంలో ఉన్నప్పుడో, కోటకు వెళ్ళినప్పుడో ముగించండి.

ఇందులో ఒక అపార్థానికి అవకాశం ఉంది. జపాన్ ఆతిథ్యమంటే అతిథి ఏమడిగినా తలూపడం అని చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కడ అతిథికి ఉన్నన్ని కట్టుబాట్లు మన లాడ్జీల్లో ఉండవు. చెప్పులు విప్పకుండా లోపల అడుగు పెట్టకూడదు, ఒళ్ళు కడుక్కోకుండా వేడినీటి తొట్టిలో దిగకూడదు, భోజనం వేళకు రావాలి. ఇంటివారు తమ వంతు శ్రద్ధగా చేస్తారు కాబట్టి అతిథి కూడా తన వంతు పాటిస్తాడు. మీ ఇంటి నియమాలను బుకింగు ఖాయమయ్యే ముందే వాట్సాప్‌లో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పంపండి. మద్యం, మిద్దెమీద రాత్రి పది దాటాక పాటలు, బయటి నుంచి అదనంగా మనుషులను తీసుకురావడం, వీటికి ఒప్పుకోకపోతే ఆ మాట ముందే రాయండి. తప్పు జరిగిన తర్వాత చెబితే గొడవ అవుతుంది, ముందే చెబితే ఇష్టం లేనివారు వేరే చోటు చూసుకుంటారు. ఇది మీ పల్లె కోసం కూడా అవసరం. జపాన్‌లో సొంత ఇళ్ళను యాత్రికులకు ఇవ్వడం పెరిగి, చెత్త గురించి, చప్పుడు గురించి పక్కింటివారు మొర పెట్టుకోగా, 2018 జూన్‌లో అమలులోకి వచ్చిన చట్టం అలాంటి ఇళ్ళు ఏడాదికి 180 రోజులకు మించి నడపకూడదని హద్దు గీసింది. మనకు ఆ చట్టం లేదు, అయినా పక్కింటివారితో ముందే మాట్లాడి, కార్లు ఎక్కడ ఆపాలో తేల్చుకోవడం మీ చేతిలో పనే.

ఇప్పుడు మీరూ మీ అత్తమ్మా అన్న సంగతికి వస్తాను. ఈ ఆతిథ్యం వెనక ఉన్న శ్రమ గురించి పొగిడేవారు సాధారణంగా మాట్లాడరు. ర్యోకాన్లలో పనివారు తెల్లవారి ఒక విడత, సాయంత్రం నుంచి రాత్రి దాకా ఇంకొక విడత పనిచేస్తారు, మధ్యలోని ఖాళీ ఎందుకూ పనికిరాదు. అందుకే అక్కడ పనికి మనుషులు దొరకడం కష్టమైంది. కనగావా ప్రాంతంలో జిన్యా అనే పాత ర్యోకాన్ వారంలో కొన్ని రోజులు పూర్తిగా మూసివేసే పద్ధతి పెట్టి, మిగిలిన రోజులు మెరుగ్గా నడిపి పేరు తెచ్చుకుంది. మీకు వచ్చే జనం ఎటూ శని, ఆదివారాలదే. సోమవారం మధ్యాహ్నం నుంచి గురువారం దాకా ఇల్లు మూసి, ఆ రోజుల్లో దుప్పట్లు ఉతకడం, మరమ్మతులు, నిద్ర చూసుకోండి. శుక్రవారం నుంచి ఆదివారం వరకు ఊళ్ళో నమ్మకమైన ఒక మనిషిని జీతానికి పెట్టుకోండి. ధర కట్టేటప్పుడు ఆ జీతాన్నీ, మీ ఇద్దరి కష్టానికి కూలీనీ లెక్కలో వేయండి. ఇంటి ఆడవాళ్ళ పనికి ధర లేదనుకుని కట్టిన అద్దె చూడటానికి లాభంలా కనబడుతుంది, ఏడాది తిరిగేసరికి మీ అత్తమ్మ నడుంనొప్పిగా బయటపడుతుంది. జపాన్‌లో టిప్పులు ఇచ్చే అలవాటు లేదు, సేవకు చెల్లించవలసినది ధరలోనే ఉంటుంది. మీరూ అలాగే పెట్టి, పనిమనిషి చేతిలో డబ్బు పెట్టనక్కరలేదని ముందే చెబితే వెళ్ళేటప్పటి తడబాటు ఉండదు.

మూడు గదులూ ఒకేసారి తెరవవద్దు, ఒక గదితో మొదలుపెట్టండి. వంటింట్లో మేకుకు ఒక నోటు పుస్తకం వేలాడదీసి, ప్రతి అతిథీ నోరు తెరిచి అడగవలసి వచ్చిన వస్తువునల్లా అందులో రాయండి. ఫోను చార్జరుకు పొడుగు తీగ, పసిపిల్లకు పాలు కాచే గిన్నె, తడి బట్టలు ఆరేసుకోవడానికి దండెం, కరెంటు పోతే ఫ్యాను, ఇలాంటివే వస్తాయి. రాసినది రెండో అతిథి అడగకుండా చూడండి. ఆ జాబితా పెరగడం ఆగిపోయినప్పుడు రెండో గది తెరవవచ్చు. అక్టోబరు, నవంబరు వానలు తగ్గి చలి మొదలయ్యే కాలం గండికోటకు జనం వచ్చే కాలం కనుక, అంతకు రెండు నెలల ముందే మొదటి గది సిద్ధం చేసి, ఊరు తెలియని దూరపు చుట్టాన్ని ఒక రాత్రి అతిథిగా ఉంచి, పుస్తకంలో మొదటి పేజీ అతనితోనే రాయించండి.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. కేంద్ర పర్యాటక శాఖ పథకంలో, యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉంటూ ఆరు గదుల వరకు ఇచ్చే ఇళ్ళకు గోల్డ్, సిల్వర్ అని రెండు తరగతుల గుర్తింపు ఉంది. జిల్లా పర్యాటక కార్యాలయంలో అడిగి, రాష్ట్ర నమోదు కూడా చేయించుకోండి. అందరి గుర్తింపు కార్డుల నకళ్ళు తీసుకోండి. విదేశీయులు బస చేస్తే వచ్చిన 24 గంటల లోపు వారి వివరాలను ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో పంపడం మీ బాధ్యత, దానికి లాగిన్ ముందే తీసుకుని ఉంచుకోండి, శనివారం రాత్రి అతిథిని గుమ్మంలో నిలబెట్టి దాని కోసం తంటాలు పడేలా పెట్టుకోవద్దు.